చీలమండల మీద నింద, బూటులో లోపం

తిరుపతిలో స్కేటింగ్ అనగానే గుర్తొచ్చేది వేసవి సెలవుల శిక్షణ. ఏప్రిల్‌లో ఏడెనిమిదేళ్ల పిల్లలకు చక్రాల బూట్లు కొంటారు. జూన్‌లో బడి తెరవగానే అవి మెట్ల కిందికి చేరతాయి. ముప్పై, నలభై ఏళ్లవాళ్లు అదే పని చేస్తామంటే ఇంట్లో వినిపించే మొదటి మాట, "ఈ వయసులో కాలు విరగ్గొట్టుకుంటావా?" ధైర్యం చేసి మొదలుపెట్టినవాళ్లలో కూడా చాలామంది రెండు మూడు వారాలకే మానేస్తారు. ఎందుకని అడిగితే చెప్పే కారణం దాదాపు ఒకటే: "నా చీలమండల్లో బలం లేదండీ, కాళ్లు లోపలికి వంగిపోతున్నాయి."

ఈ మాటతోనే నాకు పేచీ. అలిపిరి నుంచి 3,550 మెట్లెక్కి కొండకు పోగలిగిన మనిషి చీలమండకు ఇన్‌లైన్ స్కేట్ల (చక్రాలన్నీ ఒకే వరుసలో ఉండేవి) మీద నిలబడేంత బలం తప్పకుండా ఉంటుంది. నిలబెట్టాల్సిన పని సగం బూటుది. చీలమండ చుట్టూ ఉండే గట్టి భాగం పాదాన్ని కదలకుండా పట్టుకుంటే చక్రాలు నిటారుగా నిలుస్తాయి. పాదం లోపల అటూ ఇటూ జరుగుతుంటే ఎంత వ్యాయామం చేసిన కాలైనా వంగుతుంది. పెద్దవాళ్లు స్కేటింగ్ మానేయడానికి వయసు కంటే, రోడ్ల కంటే, ఒక సైజు పెద్దగా కొన్న బూటే ఎక్కువ కారణమని నా గట్టి నమ్మకం.

పెద్ద సైజు ఎందుకు కొంటారో అర్థం చేసుకోవచ్చు. మనం ఏడాదంతా చెప్పుల్లో తిరిగే జనం. వేళ్లకు బూటు గోడ తగిలితే ఇరుకనిపిస్తుంది. కొట్లో రెండు నిమిషాలు తొడిగి చూసి, హాయిగా ఉన్న జతను తెచ్చుకుంటాం. ఆ హాయే తర్వాత కొంప ముంచుతుంది.

కొలత ఇంట్లోనే తీసుకోవచ్చు. పగలంతా తిరిగి పాదం కాస్త ఉబ్బి ఉండే సాయంత్రం పూట గోడకు ఆనుకుని ఒక కాగితం పరవండి. మడమ గోడకు తగిలేలా, ఒంటి బరువంతా ఆ కాలి మీద వేసి నిలబడండి. అన్నిటికంటే ముందుకొచ్చిన వేలి కొస దగ్గర పెన్సిల్‌ను నిలువుగా పట్టి గీత గీయండి. గోడ నుంచి గీత దాకా మిల్లీమీటర్లలో కొలవండి. రెండో కాలికీ అంతే. రెండిట్లో పెద్ద అంకె తీసుకుని, ఆ కంపెనీ పట్టికలో మిల్లీమీటర్ల గడి చూసి కొనండి. మామూలు చెప్పుల నంబరు ఎనిమిదని స్కేటూ ఎనిమిదే కొంటే, ఒక కంపెనీలో సరిపోవచ్చు, ఇంకోదాంట్లో వదులు కావచ్చు.

తొడిగాక పరీక్ష ఇలా చేయాలి. నిటారుగా నిలబడితే బొటనవేలి కొస బూటు ముందు గోడకు సన్నగా తగలాలి. మోకాళ్లు వంచి, కాలి ముందెముక బూటు నాలుకకు ఆనించితే వేలు కాస్త వెనక్కి జరగాలి. ఆ వంగిన భంగిమలోనే మడమను పైకి లాగి చూడండి. లేవకూడదు. లేస్తే ఆ జత మీది కాదు. మందపాటి మేజోళ్లు రెండు వేసుకుని సర్దుకుందామనుకోవద్దు. మన ఉక్కకు అవి చెమటతో తడిసి పాదాన్ని బొబ్బలెక్కిస్తాయి, మడమ జారడం మాత్రం ఆగదు. బూటు అంచుకంటే పైకి వచ్చే పలుచని మేజోళ్లు ఒక్క జత చాలు.

సరైన సైజు కొన్నాక కూడా బిగించే వరుస తప్పితే అదే వదులు మళ్లీ వస్తుంది. కూర్చుని, పాదం లోపల పెట్టి, వెనక చక్రాన్ని నేలకేసి రెండు మూడుసార్లు తట్టండి, మడమ వెనక గుంటలోకి చేరుతుంది. లేసులు వేళ్ల దగ్గర మామూలుగా, చీలమండ దగ్గరికొచ్చేసరికి గట్టిగా లాగండి. తర్వాత పాదం వంపు మీద ఏటవాలుగా వచ్చే పట్టీ. మడమను కదలకుండా పట్టేది అదే, కాబట్టి దాన్ని పై బకిల్ కంటే ముందు బిగించాలి. చివరగా మోకాలు వంచి పై బకిల్. చాలామంది పై బకిల్‌ను ఊపిరాడనంత బిగించి, ఏటవాలు పట్టీని వదులుగా ఉంచుతారు. పిక్క నొప్పి పుడుతుంది, మడమ తేలుతుంది. కొత్త బూటు మొదటి ఏడెనిమిది గంటలు పాదమంతా సమానంగా ఒత్తితే అది సర్దుకుంటుంది. చీలమండ ఎముక మీద ఒకే చోట సూదిలా గుచ్చుతుంటే అది మీ పాదానికి తగని అచ్చు.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా ఒక కాలు లోపలికే వంగుతోందంటే బూటు కింది చట్రం చూడండి. మంచి స్కేట్లలో చట్రం రెండు బోల్టులతో ఉంటుంది. వాటిని వదులు చేసి చట్రాన్ని రెండు మూడు మిల్లీమీటర్లు లోపలి వైపు, అంటే రెండో కాలి వైపు జరిపి బిగిస్తే బరువు చక్రాల మీదికొస్తుంది. రివెట్లు కొట్టిన చట్రం జరగదు. అందుకే బోల్టులున్నదే కొనమంటాను. అరికాలు చదునుగా ఉన్నవాళ్లకు వంపున్న ఇన్‌సోల్ వేస్తే చాలావరకు తేలిపోతుంది.

చక్రాల సంగతి. చక్రం పక్కన రెండు అంకెలుంటాయి: 80 మి.మీ., 82ఏ లాంటివి. మొదటిది వ్యాసం, రెండోది గట్టిదనం. పెద్దవాళ్ల మొదటి జతకు నాలుగేసి 80 మి.మీ. చక్రాలు, గట్టిదనం 80ఏ నుంచి 85ఏ మధ్య ఉంటే సరి. గరుకు తారు మీద ఎక్కువగా తిరిగేవాళ్లు తక్కువ అంకె వైపు మొగ్గాలి, మెత్తని చక్రం అదురును మింగుతుంది. పిల్లల స్కేట్లకుండే 64 మి.మీ. చక్రం చిన్న గులకరాయికే ఆగిపోతుంది. చక్రం పెద్దదయ్యేకొద్దీ అదే రాయిని తక్కువ వాలులో ఎక్కి దాటుతుంది. అలాగని మూడేసి 110 మి.మీ. చక్రాలున్నదానికి పోవద్దు. నేల నుంచి ఎత్తు పెరుగుతుంది, వేగం త్వరగా వస్తుంది, రెండూ కొత్తవాళ్లకు పనికిరావు. ఇంకొకటి, చక్రం పాలీయురేథేన్‌దై ఉండాలి. చవకరకం పీవీసీ చక్రాన్ని నేల మీద వదిలితే టక్కుమని పడి ఉంటుంది, పాలీయురేథేన్ ఎగురుతుంది. పీవీసీ నున్నటి నేల మీద పక్కకు జారుతుంది, తారు మీద పళ్లు జివ్వుమనిపిస్తుంది. బేరింగు డబ్బా మీద ఏబీఈసీ 7, 9 అని పెద్దక్షరాల్లో రాస్తారు. అది యంత్రాల బేరింగుల తయారీలో ఎంత కచ్చితత్వం ఉందో చెప్పే కొలమానం. గంటకు 15 కి.మీ. వేగంలో మీ కాలికి ఆ తేడా తెలియదు. దానికి పెట్టే డబ్బు బూటు మీద పెట్టండి.

పక్కనే ఉన్న చెన్నై కుర్రాడు ఆనంద్‌కుమార్ వేల్‌కుమార్ 2025 సెప్టెంబరులో చైనాలో జరిగిన ప్రపంచ స్పీడ్ స్కేటింగ్ పోటీల్లో 1000 మీటర్ల స్ప్రింట్ గెలిచి ఈ ఆటలో భారతదేశపు మొదటి ప్రపంచ చాంపియన్ అయ్యాడు. 2023లో జరిగిన హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మన పురుషుల, మహిళల జట్లు రెండూ 3000 మీటర్ల రిలేలో కాంస్యాలు తెచ్చాయి. గర్వపడాల్సిన విషయాలే. కానీ శిక్షణంతా పతకాల వైపు నడిచే చోట సలహా కూడా అటే పోతుంది. పందెపు బూటు చీలమండ కిందికే ఆగుతుంది, చక్రాలు పెద్దవి, బ్రేకు ఉండదు. పదేళ్ల వయసు నుంచి రోజూ సాధన చేసేవాళ్లకు అది పనిముట్టు. ఆఫీసుకు పోయేలోపు అరగంట ఒళ్లు వంచుదామనుకునే మనిషికి అదే బూటు చూపించి "మంచిది కావాలంటే ఇదే" అనడం అన్యాయం. చీలమండ పైదాకా వచ్చే గట్టి పై భాగమూ, మడమ బ్రేకూ ఉన్న జతే అడగండి.

బ్రేకు గురించి ఇంకాస్త చెప్పాలి. సాధారణంగా కుడి స్కేటు వెనక రబ్బరు దిమ్మ ఉంటుంది. నడవడానికి అడ్డమని, చూడటానికి పిల్లల వ్యవహారంలా ఉందని మొదటిరోజే ఊడదీసేవాళ్లున్నారు. తిరిగి బిగించండి. దాన్ని వాడటం ఇలా: రెండు మోకాళ్లు వంచి, కుడికాలిని ముందుకు జరపండి, కుడి స్కేటు వెనక చక్రం ఎడమ స్కేటు ముందు చక్రం పక్కకు వచ్చేదాకా. బరువు ఎక్కువగా వంగిన ఎడమకాలి మీద ఉండాలి. అప్పుడు కుడికాలి వేళ్లు పైకెత్తితే దిమ్మ నేలకు తగులుతుంది. తగిలాక కుర్చీలో కూర్చోబోతున్నట్టు నడుము దించుతూ మెల్లగా ఒత్తిడి పెంచండి. కాలు ముందుకు జరపకుండా వేళ్లెత్తడమే అందరూ చేసే తప్పు. దిమ్మ ఒంటి కిందనే నేలకు తగిలి, బరువుకు ఆధారం లేక మనిషి తూలిపోతాడు. రెండో తప్పు, కాళ్లు కర్రల్లా ఉంచి నడుము మాత్రం వంచడం.

అపార్ట్‌మెంటు సెల్లారులోనైనా సరే, పది మీటర్ల దూరం వేగం పుంజుకుని గీత దగ్గర ఆగడం పదిసార్లకు తొమ్మిదిసార్లు వచ్చేదాకా వీధిలోకి రావద్దు. వేగం రెట్టింపయితే ఆగడానికి పట్టే దూరం నాలుగు రెట్లవుతుంది. గంటకు 8 కి.మీ. దగ్గర రెండు మీటర్లలో ఆగేవాళ్లకు 16 దగ్గర ఎనిమిది మీటర్లు కావాలి. వెనక కాలిని అడ్డంగా ఈడ్చి ఆగే పద్ధతి అందంగానే ఉంటుంది, కాని ఒంటికాలి మీద మూడు సెకన్లు తూలకుండా జారగలిగిన తర్వాతే. లేకపోతే గిర్రున తిరిగిపోతారు, చక్రాలూ ఒక పక్క చదునుగా అరుగుతాయి.

పడటం ఖాయం, కాబట్టి పడే పద్ధతీ నేర్చుకోవాలి. 1996లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఇన్‌లైన్ స్కేటింగ్ గాయాల మీద ఒక అధ్యయనం వచ్చింది. ఆసుపత్రికి వచ్చినవాళ్లలో దాదాపు మూడోవంతుకు దెబ్బ తగిలింది మణికట్టుకే. మణికట్టు కాపులు (రిస్ట్ గార్డులు) వేసుకోనివాళ్లకు ఆ గాయం ముప్పు సుమారు 10 రెట్లు ఎక్కువని లెక్క తేలింది. పడేటప్పుడు చెయ్యి ఆనించడం మనిషి సహజగుణం, మానుకోమంటే మానలేం. అందుకే హెల్మెట్ కొని మణికట్టు కాపులు వదిలేయడం నాకు మింగుడు పడదు. రెండూ ఉండాలి. కాపులో అరచేతి వైపు వంపు తిరిగిన గట్టి ప్లాస్టిక్ పలక ఉండాలి, అది నేల మీద జారుతూ బరువును మణికట్టు మీద పడనీయదు. చేత్తో వంచితే వంగిపోయే పలక అలంకారమే. హెల్మెట్‌కు ఈఎన్ 1078 గుర్తు చూడండి, సైకిలుకూ స్కేట్లకూ కలిపి రాసిన ప్రమాణం అది. ముందు అంచు కనుబొమలకు రెండు వేళ్ల పైన ఉండాలి. తొడుక్కునే వరుస: మోకాళ్లు, మోచేతులు, స్కేట్లు, హెల్మెట్, చివరికి మణికట్టు కాపులు. ముందే కాపులు వేసుకుంటే వేళ్లతో బకిల్ పెట్టలేరు.

వెనక్కి పడటమే ప్రమాదం, తోకెముకా తలా రెండూ నేలకు కొట్టుకుంటాయి. వెనక్కి ఎందుకు పడతారు? భయంతో కాళ్లు బిగుసుకుని నిటారుగా లేస్తారు, బరువు మడమ మీదికి పోతుంది, స్కేట్లు ముందుకు పరుగెడతాయి. తూలినట్టనిపించగానే రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టండి, బరువు దానంతటదే ముందుకొస్తుంది. పడక తప్పదనిపిస్తే మోకాళ్లు, మోచేతులు, అరచేతులు, ఈ వరుసలో ముందుకు జారాలి, వేళ్లు పైకెత్తి ఉంచాలి. కాపులన్నీ వేసుకుని గడ్డి మీద ఇరవైసార్లు కావాలని పడి చూడండి. ఇంకో మాట. పడ్డాక బొటనవేలి మొదట్లో, మణికట్టు దగ్గరున్న గుంటలో నొక్కితే నొప్పి ఉందంటే మొదటి ఎక్స్‌రేలో ఏమీ కనపడకపోయినా వదిలేయకండి. అక్కడి స్కాఫాయిడ్ అనే చిన్న ఎముక పగులు మొదటి రోజుల్లో ఎక్స్‌రేకు అందకపోవచ్చు. పది, పద్నాలుగు రోజుల తర్వాత మళ్లీ తీయించుకోవాలి. ఎముకలు గుల్లబారినవాళ్లు, రక్తం పలుచనయ్యే మందులు వాడేవాళ్లు డాక్టరును అడగకుండా మొదలుపెట్టకూడదు.

మొదటి రోజు గడ్డి మీదే. చక్రాలు దొర్లవు కాబట్టి నిలబడటం, మడమలు దగ్గర, వేళ్లు దూరంగా పెట్టి బాతులా నడవడం, మోకాలి మీద చేతులాన్చి లేవడం అక్కడే వస్తాయి. తర్వాత గట్టినేల మీద అదే బాతు నడక, ప్రతి నాలుగడుగులకు ఆగి రెండు కాళ్ల మీదా జారడం. ఇక్కడ నడక అలవాటు అడ్డొస్తుంది. నడకలో కాలితో వెనక్కి తోస్తాం. స్కేటు మీద వెనక్కి తోస్తే చక్రం దొర్లిపోతుంది, పట్టు దొరకదు. చక్రం లోపలి అంచుతో పక్కకు తోయాలి. ఇది ఒంటికి అర్థమయ్యేందుకు నిమ్మకాయ ఆకారం గీయడం మంచి సాధన: మడమలు దగ్గరగా మొదలుపెట్టి, రెండు కాళ్లూ బయటికి జారనిచ్చి, వేళ్లు లోపలికి తిప్పి మళ్లీ కలపాలి, చక్రాలు నేలను వదలకుండా.

ఎక్కడ తిరగాలన్నది మనూళ్లో అసలు ప్రశ్న. తిరుపతి నేల చదునుగా కనపడుతుంది గాని చదునైనది కాదు. ఉత్తరాన కొండ, దక్షిణాన స్వర్ణముఖి. కపిలతీర్థం, అలిపిరి వైపు నుంచి ఊళ్లోకి దిగే దారులన్నిటికీ వాలుంది. నడిచే కాలికి అది తెలియదు, చక్రానికి తెలుస్తుంది. కొత్త చోటికి పోతే ఒక స్కేటును నేల మీద నిలబెట్టి వదలండి. దానంతటది కదిలితే మొదటి నెల ఆ చోటు వద్దు. కొండకు అడ్డంగా, తూర్పు పడమరలుగా పోయే వీధుల్లో వాలు తక్కువ. అన్నిటికంటే మంచిది బడుల్లో, కాలేజీల్లో ఉండే సిమెంటు బాస్కెట్‌బాల్ కోర్టు. ఆట లేని వేళ అడిగి తీసుకోండి. విశ్వవిద్యాలయ ప్రాంగణాల్లాంటి చోట్ల తెల్లవారుజామున లోపలి రోడ్లు ప్రశాంతంగా ఉంటాయి. అనుమతి అడగాలి, వాకింగ్‌కు వచ్చే పెద్దవాళ్లకు దారివ్వాలి. వెనక నుంచి చప్పుడు లేకుండా దూసుకుపోతే వాళ్లు బెదిరి పక్కకు అడుగేస్తారు, ఇద్దరూ పడతారు. దూరం నుంచే గొంతెత్తి చెప్పండి.

జూపార్కు వైపు అలిపిరి–చెర్లోపల్లి రోడ్డు వెడల్పు చూసి చాలామంది ఆశపడతారు. వెడల్పు రోడ్డు మీద వాహనాల వేగమూ ఎక్కువే, పైగా యాత్రికుల బండ్లకు ఊరి మలుపులు తెలియవు. ఘాట్ రోడ్డు గురించి ఎవరైనా సరదాగా అన్నా ఖండించండి. ఆ వాలులో మడమ బ్రేకు రబ్బరు నిలవదు, ఎదురయ్యేది యాత్రికుల బస్సు. సెల్లారు మంచి చోటే, కాని బండ్ల నుంచి కారిన ఆయిల్ మరకలూ, నున్నటి టైల్స్ మీద సన్నటి దుమ్మూ చూసుకోవాలి. మిద్దె మీద నేర్చుకుందామంటే పిట్టగోడ నడుముకు పైన ఉందో లేదో చూడండి. స్కేట్లెక్కితే మీ ఎత్తు కొన్ని అంగుళాలు పెరుగుతుంది, మీకు నడుము దాకా ఉన్న గోడ అప్పుడు తొడ దాకానే వస్తుంది. వీధిలో ఉదయం ఆరింటికి ఇంకో అడ్డంకి, ఇళ్ల ముందు కళ్లాపి. తడి నేల మీద చక్రం సబ్బులా జారుతుంది, ముగ్గు పాడయితే ఆ ఇంటావిడ కోపం న్యాయమే. కళ్లాపి పడకముందు ఐదున్నరకు పోవడమో, రాత్రి భోజనానికి ముందు పోవడమో మేలు. మే నెలలో పగటి మాట వద్దు.

ఒంటికి ఏం లాభమంటే, విహారంగా గంటకు 14 కి.మీ. వేగంతో స్కేటింగ్ చేస్తే ఖర్చయ్యే శక్తిని 2011 నాటి శారీరక శ్రమల పట్టికలో 7.5 మెట్‌లుగా, అంటే ఊరికే కూర్చున్నప్పటికి 7.5 రెట్లుగా లెక్కగట్టారు. అదే పట్టికలో చురుకైన నడక 4.3. అంటే స్కేటింగ్‌లో 60 కిలోల మనిషికి గంటకు సుమారు 450 కెలోరీలు. పరుగులో ప్రతి అడుగూ నేలను గుద్దుతుంది, ఇక్కడ జారడమే కాబట్టి మోకాలికి ఆ దెబ్బ లేదు. నడకలో పెద్దగా పని పడని తొడ లోపలి కండరాలు, పిరుదు పక్క కండరాలు రెండోరోజు నొప్పితో పలకరిస్తాయి. నడుము నొప్పి వస్తే మాత్రం భంగిమ తప్పు, మోకాలు వంచాల్సిన చోట నడుము వంచుతున్నారు. మొదటి రెండు వారాలు రోజు విడిచి రోజు అరగంట చాలు, అందులో పది నిమిషాలు బ్రేకుకే. ఆ తర్వాత వారానికి ఐదు నిమిషాల చొప్పున పెంచుకుంటూ పోండి. అలసిన కాలు ముందుగా మరిచిపోయేది వంగడాన్ని. కాబట్టి చివరి పది నిమిషాల్లోనే పడే భయం ఎక్కువ. మోకాళ్లు నిటారవుతున్నాయని గమనించగానే ఆపేయండి.

నిర్వహణ పెద్ద పనేం కాదు. వెళ్లే ముందు ప్రతిసారీ చక్రాల బోల్టులు అలెన్ కీతో ఒకసారి చూసుకోవాలి, అదురుకు వదులవుతాయి. ప్రతి చక్రంలో రెండేసి బేరింగులు, మధ్య ఒక చిన్న గొట్టం ఉంటుంది. విప్పినప్పుడు అది పారేసుకుంటే బోల్టు బిగించగానే చక్రం పట్టేస్తుంది, బేరింగు చెడిందని పొరపడతారు. చక్రాలు లోపలి వైపు ముందుగా అరుగుతాయి. ఒకటో చక్రాన్ని రెండో స్కేటు మూడో చోటుకు, రెండోదాన్ని నాలుగో చోటుకు, అటువి ఇటు అలాగే మార్చండి. తిప్పకుండా ఉన్నదున్నట్టు అటు కాలికి పెడితే అరిగిన వైపు దానంతటదే బయటికి వస్తుంది.

మనకు గట్టి వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. వాన వెలిసినా కాలువల నుంచి కొట్టుకొచ్చిన ఇసుక వారాల తరబడి రోడ్డు అంచున ఉంటుంది, అటు పోవద్దు. తడిసిన బేరింగు రెండు రోజుల్లో తుప్పు పడుతుంది. వెంటనే విప్పి, తుడిచి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో కడిగి, పూర్తిగా ఆరాక ఒక్కోదానికి ఒక్క చుక్క కుట్టుమిషన్ నూనె వేయండి. కొబ్బరినూనె వద్దు, కొన్నాళ్లకు జిగురై దుమ్ము పట్టిస్తుంది. బూటు లోపలి మెత్తను బయటికి తీసి నీడలో ఆరబెట్టండి. ఎండాకాలం కారు డిక్కీలో వదిలేస్తే వేడికి అతుకుల జిగురు మెత్తబడుతుంది. ఆరాక మెత్తను మళ్లీ లోపల పెట్టి, కాలు లేకపోయినా పట్టీలూ బకిళ్లూ బిగించి అటక మీద పెట్టండి. విప్పేసి ఉంచిన బూటు నెలల తరబడి విచ్చుకుని అదే ఆకారానికి అలవాటు పడుతుంది, సంక్రాంతికి దించి తొడిగితే మడమ దగ్గర మళ్లీ వదులు.